చలికాలంలో ఆర్‌వీ మీద అమెరికా గల్ఫ్ తీరం: రిటైరైన జంటకు సలహాలు కావాలి

కాకినాడ_కాజా (మిషిగన్) · నవంబర్ 8

అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే గానీ రాయడం ఇదే మొదలు. ఈ వేసవిలో రిటైరయ్యాను. మా ఆవిడ అంతకుముందే ఉద్యోగం మానేసింది. జనవరి, ఫిబ్రవరి నెలలు ఇంట్లో కూర్చుని మంచు తోడుకోవడం ఇక నావల్ల కాదు. లోపలే మంచం, వంటిల్లు, బాత్రూము ఉన్న 25 అడుగుల క్లాస్ సీ ఆర్‌వీ అద్దెకు తీసుకుని, కొత్త సంవత్సరం రాగానే ఐ-65 హైవే మీద అలబామాలోని మొబైల్ దాకా దిగి, అక్కణ్నుంచి తీరం వెంట పడమరగా టెక్సస్ చివరిదాకా, మళ్లీ వెనక్కి ఫ్లోరిడా కీస్ దీవుల దాకా వెళ్లాలని ఆలోచన. ఇంతవరకూ ఇంత పెద్ద బండి నడపలేదు. నాకు 67, కొంచెం బీపీ ఉంది. రూటు, క్యాంపులు, ఖర్చు, చలి, ఏ విషయమైనా చెప్పండి. మా ఆవిడ ఇంకా సరే అనలేదు, అది వేరే సంగతి.

ఎర్రబస్సు (డాలస్) · నవంబర్ 8

కాజా గారూ, స్వాగతం. మాకు సొంత క్లాస్ సీ ఉంది, ప్రతి చలికాలం ఆ తీరం మీదే పడి ఉంటాం. అందుకే చనువుగా చెబుతున్నా. మీ ప్లాన్ సగానికి తగ్గించండి.

మీ ఊరి నుంచి మొబైల్‌కే దాదాపు 1000 మైళ్లు. కారులో అయితే రెండు రోజుల్లో కొట్టేస్తారు. ఆర్‌వీలో గంటకు 60 దాటితే సుఖం ఉండదు. పక్కనుంచి పెద్ద ట్రక్కు పోయిన ప్రతిసారీ బండి ఒక్క ఊపు ఊగుతుంది, మీరు స్టీరింగ్ బిగించి పట్టుకుంటారు. సాయంత్రానికి భుజాలు పట్టేస్తాయి. రోజుకు 200 మైళ్లు చాలు, మూడింటికల్లా క్యాంపుకు చేరాలి. జనవరిలో ఐదున్నరకే చీకటి పడుతుంది. చీకట్లో, తెలియని చోట, చెట్ల మధ్య బండి రివర్స్ చేస్తే భార్యాభర్తలు మూడు రోజులు మాట్లాడుకోరు.

ఇంకో సంగతి. మిషిగన్‌లో బండి తీసుకుంటే పైపుల్లో గులాబీ రంగు యాంటీఫ్రీజ్ ఉంటుంది. గడ్డకట్టే చలి దాటేదాకా, అంటే ఇంచుమించు మాంట్‌గోమరీ దాకా, ట్యాంకులో నీళ్లు నింపకూడదు. అన్నిటికీ క్యాన్లలో నీళ్లే గతి. ఆ బాధ ఎందుకు? హ్యూస్టన్‌కు విమానంలో వచ్చి అక్కడే బండి తీసుకోండి. మొదటి రోజు నుంచే తీరం మీద ఉంటారు. కీస్ మర్చిపోండి, అది ఇంకో ఏడాదికి.

సందేహాలరావు (న్యూజెర్సీ) · నవంబర్ 9

నాకో సందేహం. అద్దె ఒకటి, మైలుకు ఇంత అని ఒకటి, జనరేటర్ గంటకు ఇంత అని ఒకటి, ఇన్సూరెన్స్ ఒకటి, క్యాంపు ఒకటి. పెట్రోలు సరేసరి. 3000 మైళ్లు తిరిగితే గ్యాలన్‌కు 9 మైళ్ల లెక్కన 330 గ్యాలన్లు దాటుతుంది. ఈ డబ్బుతో గల్ఫ్ షోర్స్‌లో సముద్రం ఎదురుగా కాండో, అంటే అపార్ట్‌మెంట్, నెలకు తీసుకుని కాళ్లు చాపుకుని కూర్చోవచ్చు కదా? రిటైరయ్యాక మన మలం మనమే గొట్టంలో పంపించుకునే ముచ్చట ఎందుకండీ?

ఎర్రబస్సు · నవంబర్ 9

రావు గారూ, లెక్క కరెక్టే. చవక అనుకుని ఆర్‌వీ ఎక్కినవాళ్లు త్వరగానే దిగిపోతారు. ఒకే చోట నెలంతా ఉండేవాళ్లకు కాండోయే మేలు, నేనూ అదే చెబుతాను. ఇష్టమైన చోట నాలుగు రోజులు ఆగి, నచ్చకపోతే పొద్దున్నే లేచి వెళ్లిపోవాలనుకునేవాళ్లకు ఇది.

ఒక్క చోట మాత్రం నిజంగా మిగులుతుంది. 62 దాటిన అమెరికా పౌరులకు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు నేషనల్ పార్కుల సీనియర్ పాస్ ఉంది. జీవితాంతానికి 80 డాలర్లు, ఏడాదికి అయితే 20. ప్రవేశ రుసుం ఉండదు, ఫెడరల్ క్యాంపులు చాలావాటిలో అద్దె సగమే. మిసిసిపీ ఓషన్ స్ప్రింగ్స్‌లో డేవిస్ బయూ, ఫ్లోరిడా పెన్సకోలా బీచ్ చివర ఫోర్ట్ పికెన్స్, రెండూ గల్ఫ్ ఐలాండ్స్ నేషనల్ సీషోర్‌లోవే. రెండింటిలోనూ కరెంటు, నీళ్లు ఉంటాయి. స్టేట్ పార్కుల్లో ఈ పాస్ చెల్లదు.

బుకింగ్ ఇవాళే మొదలుపెట్టండి. స్నోబర్డ్స్, అంటే చలికి దక్షిణానికి దిగే ఉత్తరాదివాళ్లు, ఎప్పుడో పట్టేసి ఉంటారు. ఫ్లోరిడా స్టేట్ పార్కులైతే ఆ రాష్ట్రంవాళ్లకు 11 నెలల ముందు, మనలాంటివాళ్లకు 10 నెలల ముందు తెరుస్తారు. మనకు మిగిలేవి క్యాన్సిలేషన్లే. ఆది నుంచి గురువారం దాకా రాత్రులు వెతకండి, దొరుకుతాయి. అలబామా గల్ఫ్ స్టేట్ పార్కులో దాదాపు 500 సైట్లు ఉన్నాయి కాబట్టి అక్కడ ఆశ ఎక్కువ.

మందారం (టాంపా) · నవంబర్ 10

నేను నర్సుగా చేసి రిటైరయ్యాను. బండి సంగతి నాకు తెలియదు, కాజా గారి బీపీ గురించి రాస్తాను.

65 దాటాక వచ్చే ప్రభుత్వ బీమా మెడికేర్‌లో మీది ఒరిజినలా, ప్రైవేటు కంపెనీలు నడిపే అడ్వాంటేజ్ ప్లానా? ఒరిజినల్ అయితే దేశంలో మెడికేర్ తీసుకునే ఏ డాక్టరు దగ్గరికైనా వెళ్లవచ్చు. అడ్వాంటేజ్ అయితే ఎమర్జెన్సీ ఎక్కడైనా చూస్తారు గానీ, మామూలు చెకప్‌కు చాలా ప్లాన్లు మీ ఊరి నెట్‌వర్క్ దాటి రావు. బయల్దేరే ముందు ఫోన్ చేసి అడగండి. మందులు 90 రోజులకు తీసుకోండి. మందుల పేర్లు, డోసులు, అలర్జీలు కాగితం మీద రాసి అద్దె బండి తలుపు లోపల అతికించండి. ఫోన్‌లో ఉంటే చాలదు. అంబులెన్స్ వాళ్లకు మీ ఫోన్ లాక్ తీయడం రాదు.

దారిలో ఉన్నప్పుడు పక్కన కూర్చున్నవాళ్లు రోడ్డు పక్కన మైలు నంబర్ల బోర్డులు (మైలు మార్కర్లు) గమనిస్తూ ఉండాలి. 911 కు చేస్తే వాళ్లు మొదట అడిగేది ఎక్కడున్నారనే. లూసియానాలో అచ్చఫలాయా చిత్తడి మీద ఐ-10 వంతెన 18 మైళ్లు ఉంటుంది. ఆ మధ్యలో "చుట్టూ నీళ్లే కనిపిస్తున్నాయి" అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు.

పిట్టల_దొర (హ్యూస్టన్) · నవంబర్ 10

హ్యూస్టన్‌లో బండి తీసుకుంటే తూర్పుకు తిరిగే ముందు రాక్‌పోర్ట్ వైపు దిగండి. బతిమాలుకుంటున్నా. అక్కడ అరాన్సస్ వైల్డ్‌లైఫ్ రెఫ్యూజ్ ఉంది. హూపింగ్ క్రేన్లు కెనడాలోని వుడ్ బఫెలో నుంచి సుమారు 2500 మైళ్లు ఎగిరి చలికాలానికి అక్కడికే వస్తాయి. అయిదడుగుల కొంగలు, ఉత్తర అమెరికాలో అంత ఎత్తు పక్షి ఇంకోటి లేదు. 1941లో ఈ మందలో పట్టుమని ఇరవై కూడా మిగల్లేదు, ఇప్పుడు 500 దాటాయి. రాక్‌పోర్ట్, ఫుల్టన్ నుంచి పడవలు వెళ్తాయి. ఒడ్డు మీద టవరు ఎక్కి చూడవచ్చు గానీ దూరంగా తెల్ల చుక్కల్లా ఉంటాయి. డబ్బు పెట్టి పడవే ఎక్కండి.

పక్కనే గూస్ ఐలాండ్ స్టేట్ పార్కు. అక్కడి ఓక్ చెట్టుకు వెయ్యేళ్ల పైనే ఉంటాయంటారు. అదీ చూసి రండి. పిట్టలదొర కోతలు కోస్తాడని పేరు గానీ, ఇందులో కోత ఏమీ లేదు.

గుంటూరు_ఘాటు (అట్లాంటా) · నవంబర్ 11

ఎవరూ తిండి ఊసెత్తరేం? వదినగారికి పనికొస్తుందని రాస్తున్నా. 30 ఆంపుల క్యాంపు అయితే మొత్తం 3600 వాట్లే. 1500 వాట్ల హీటరు, ఇన్‌స్టంట్ పాట్, మైక్రోవేవ్ ఒకేసారి పెడితే బ్రేకర్ ఎగిరిపోతుంది. అన్నం వండేటప్పుడు హీటరు ఆపాలి. పోపు లోపల పెట్టొద్దు, ఎండుమిర్చి వేగగానే పొగ అలారం మోగుతుంది, పక్క బండి నుంచి అమెరికన్ తాతగారు పరుగెత్తుకొస్తాడు. చిన్న బ్యూటేన్ స్టవ్ తీసుకెళ్లి బయట బల్ల మీద పెట్టుకోండి. ఇడ్లీ పిండి ఆ చలికి పొంగదు. బండి ఆగి ఉన్నప్పుడు గిన్నెను అద్దం వెనక డాష్‌బోర్డు మీద ఎండలో పెడితే సాయంత్రానికి పొంగుతుంది. కందిపొడి, ఆవకాయ, చింతపండు గుజ్జు, వేయించిన రవ్వ ముందే సిద్ధం చేసుకోండి. చపాతీలు సగం కాల్చి ఫ్రీజర్లో పెట్టుకుంటే తేలిక.

కాజా_గారి_ఇంటావిడ · నవంబర్ 12

నమస్తే. ఈయన మీరు రాసినవన్నీ చదివి వినిపిస్తుంటే ఉండబట్టలేక నేనే ఖాతా తెరిచాను.

నాకు సముద్రమంటే భయం లేదు, ఉప్పుటేరు పక్కన పెరిగినదాన్ని. ఇరుకు మంచమూ పెద్ద లెక్క కాదు. నేను సరే అనకపోవడానికి కారణం ఇక్కడ ఎవరికీ తట్టలేదు. ఘాటు గారు పెట్టిన లిస్టు మళ్లీ చదవండి. పిండి పొంగించాలి, రవ్వ వేయించాలి, చపాతీలు సగం కాల్చాలి. అందులో ఒక్క పనైనా ఈయన చేసేది ఉందా? ఏళ్ల తరబడి ఉద్యోగమూ చేశాను, వంటా చేశాను. ఇప్పుడు అదే వంట ఊగే బండిలో, సగం సైజు సింకులో చేయడానికి రెండు వేల మైళ్లు పోవాలా? ఈయన ముందు సీట్లో కూర్చుని "ఆహా, ఏం వ్యూ" అంటుంటే, నేను వెనక అలమరాలో గిన్నెలు దొర్లుతున్నాయేమోనని చూసుకుంటూ ఉండాలి. దాన్ని వెకేషన్ అంటారా?

రెండోది, మందారం గారు రాసింది చదివాక టెన్షన్ ఎక్కువైంది. దారిలో ఈయనకు ఏమైనా అయితే ఆ బండిని పక్కకు తీయడం కూడా నాకు రాదు. అప్పుడు నేను ప్రయాణికురాలినా, సామానునా?

మందారం · నవంబర్ 12

అమ్మయ్య, అడిగేవాళ్లు ఒకరు వచ్చారు. అక్కా, మీ రెండు మాటలూ బయల్దేరే ముందే తేల్చుకోండి. దారిలో తేలవు.

ఎర్రబస్సు · నవంబర్ 13

వదిన గారూ, మా ఇంట్లో సగం డ్రైవింగ్ మా ఆవిడదే. పట్టణాల్లో నాకన్నా నింపాదిగా నడుపుతుంది. 26,000 పౌండ్ల లోపు బండికి చాలా రాష్ట్రాల్లో మామూలు లైసెన్సే చాలు, మీరు చూసిన క్లాస్ సీ అందులో సగమే ఉంటుంది. అద్దె ఒప్పందంలో మీ పేరు కూడా డ్రైవరుగా రాయించాలి, అది మర్చిపోవద్దు.

ఆదివారం మూసేసిన ఆఫీసు పార్కింగ్ చూసుకుని ఒక పూట ప్రాక్టీసు చేయండి. నేర్చుకోవాల్సింది ఒక్కటే: వెనక చక్రాల తర్వాత కూడా బండి చాలా పొడుగుంటుంది. మీరు కుడికి తిప్పితే ఆ తోక ఎడమకు విసురుతుంది. పెట్రోలు బంకు దగ్గర పసుపు స్తంభాలకు తగిలేది అదే. బండి ఎత్తు 11 అడుగులో 12 అడుగులో కొలిచి, కాగితం మీద పెద్ద అంకెల్లో రాసి స్టీరింగ్ ఎదురుగా అంటించండి. డ్రైవ్-త్రూ కాఫీ షాపు కనపడగానే చాలామందికి ఆ అంకె గుర్తుండదు.

వంట సంగతి మా ఇంట్లో ఎలాగంటే, బండి కదిలిన రోజు పొయ్యి వెలగదు. బయట తింటాం, లేకపోతే పెరుగన్నం. ఆగిన రోజుల్లో ఒక్క పూటే వంట.

సందేహాలరావు · నవంబర్ 13

మరి డంపింగ్, అంటే మురుగు ట్యాంకులు ఖాళీ చేయడం, ఎవరిది? అది ఎవరూ చెప్పడం లేదు.

కాకినాడ_కాజా · నవంబర్ 14

నాదేనండీ. నిన్న రాత్రి ఒప్పందం కుదిరింది. డంపింగ్, గిన్నెలు, పొద్దున కాఫీ నావి. వంట రోజుకు ఒక పూట, బండి కదిలిన రోజు సున్నా. ఆవిడ డ్రైవింగ్ నేర్చుకుంటుంది. హ్యూస్టన్‌లోనే బండి తీసుకుంటాం, కీస్ తీసేశాం. ఆవిడ ఇంకొకటి చేర్చింది: తను నడిపేటప్పుడు నేను కాలితో బ్రేకు తొక్కినట్టు నటించకూడదట. ఎర్రబస్సు గారూ, డంపింగ్ ఎలాగో ఒక్కసారి చెప్పండి, వీడియోలు చూసి ఇంకా కన్‌ఫ్యూజ్ అయ్యాను.

ఎర్రబస్సు · నవంబర్ 14

చేతికి డిస్పోజబుల్ గ్లోవ్స్ వేసుకోండి. గొట్టం రెండు వైపులా బిగిసిందో లేదో లాగి చూడండి. ముందు బ్లాక్ ట్యాంకు, అంటే మలం ట్యాంకు, వాల్వు తీయండి, అది ఖాళీ అయ్యాక గ్రే, అంటే సింకు, స్నానం నీళ్లది. ఆ సబ్బు నీళ్లే గొట్టాన్ని కడిగేస్తాయి. క్యాంపులో డ్రెయిన్ కనెక్షన్ ఉంది కదా అని బ్లాక్ వాల్వు ఎప్పుడూ తీసి ఉంచొద్దు. నీళ్లు జారిపోయి గట్టిది అడుగున మేట వేస్తుంది, తర్వాత ఎంత కడిగినా రాదు. మూడొంతుల్లో రెండొంతులు నిండాకే వదలాలి. ఇంతకన్నా వివరంగా రాస్తే అడ్మిన్ ఊరుకోడు.

అడ్మిన్ · నవంబర్ 14

ఊరుకుంటాను, ఉపయోగపడే విషయమే. కానీ భోజన వేళ పోస్ట్ చేయకండి.

పిట్టల_దొర · డిసెంబర్ 20

గాల్వెస్టన్ నుంచి బొలివర్‌కు ఫెర్రీ ఉచితం, ఆర్‌వీలనూ ఎక్కించుకుంటారు, ఇరవై నిమిషాలు కూడా పట్టదు. పక్కన డాల్ఫిన్లు వస్తాయి. అవతల దిగాక జీపీఎస్ 87వ నంబరు రోడ్డు మీద తిన్నగా పొమ్మంటే వినొద్దు. హై ఐలాండ్ దాటాక ఆ రోడ్డును సముద్రం ఎప్పుడో మింగేసింది. 124 మీద విన్నీ వెళ్లి ఐ-10 పట్టుకోండి. ఊరేగింపుల పండుగ మార్డీ గ్రా 2026లో ఫిబ్రవరి 17న. ఆ ముందు పది రోజులూ న్యూ ఆర్లియన్స్ దరిదాపుల్లో ఉండొద్దు. మొబైల్‌లో కూడా ఊరేగింపులు ఉంటాయి, అక్కడైతే 1703 నుంచీ చేస్తున్నామని వాళ్ల గొప్ప.

కాకినాడ_కాజా · జనవరి 17

రాక్‌పోర్ట్ నుంచి రాస్తున్నాను. సంక్రాంతికి పేర్‌లాండ్ మీనాక్షి గుడిలో దర్శనం చేసుకుని బయల్దేరాం. ఇక్కడ గాలి ఎక్కువ. మధ్యాహ్నం చొక్కాతో తిరిగాం, సాయంత్రం ఉత్తరపు గాలి దిగేసరికి స్వెట్టరు మీద కోటు. ఈ రాత్రి గడ్డకట్టే చలి అంటున్నారు. ఏం చేయాలి?

ఎర్రబస్సు · జనవరి 17

నీళ్ల గొట్టం విప్పి, ఖాళీ చేసి లోపల పెట్టండి. ట్యాంకులో నింపిన నీళ్లు పంపుతో వాడుకోండి. సింకు కింద అలమరా తలుపులు తెరిచి ఉంచండి. ముఖ్యమైనది: ఎలక్ట్రిక్ హీటరు ఒక్కటే పెట్టుకుని పడుకోవద్దు. గ్యాస్ ఫర్నెస్ తిరిగితేనే చాలా బండ్లలో ట్యాంకుల వైపు వేడి గాలి పోతుంది. గది వెచ్చగా ఉన్నా కింద పైపులు గడ్డకట్టవచ్చు. గల్ఫ్ తీరంలో మంచేమిటి అనుకోకండి, 2025 జనవరి 21న న్యూ ఆర్లియన్స్‌లోనే 8 అంగుళాలు పడింది.

కాజా_గారి_ఇంటావిడ · జనవరి 20

పైపులు బాగానే ఉన్నాయి. పిట్టలదొర గారూ, పడవ ఎక్కాం. రెండు పెద్దవి, మధ్యలో తుప్పు రంగు ఈకలు ఇంకా పోని పిల్ల ఒకటి. తల్లో తండ్రో తెలియదు, నీళ్లలోంచి పీతను ముక్కుతో లాగి, ఒడ్డు మీద పడేసి, కాళ్లు ఒక్కొక్కటీ విదిలించి ఊడగొట్టి, మిగిలింది పిల్ల ముందు పెట్టింది. అది తినదు, పక్కకు చూస్తుంది. మళ్లీ పెట్టింది. పడవలో ఉన్న ఆడవాళ్లంతా నవ్వారు.

నేను బండి నడుపుతున్నాను. కుడి మలుపులు వచ్చేశాయి.

గుంటూరు_ఘాటు · జనవరి 20

వదిన గారూ, ఆ లిస్టు గురించి మా ఇంట్లో కూడా పెద్ద చర్చే జరిగింది. చపాతీలు కాల్చడం ఇప్పుడు నా డ్యూటీ అయింది. మీ దయ.

కాకినాడ_కాజా · ఫిబ్రవరి 4

ఓషన్ స్ప్రింగ్స్, డేవిస్ బయూలో ఉన్నాం. సీనియర్ పాస్‌తో అద్దె సగమే తీసుకున్నారు. బిలోక్సీలో 1848 నాటి లైట్‌హౌస్ హైవే 90 మధ్య డివైడర్‌లో నిలబడి ఉంది, అటూ ఇటూ కార్లు పోతూ ఉంటాయి. తీరం రోడ్డు పక్కన చాలా చోట్ల మెట్లు ఉన్నాయి, ఇల్లు లేదు. 2005లో కత్రినా తీసుకుపోయినవట.

పడవ దగ్గరే రొయ్యలు కొన్నాం. ఇక్కడి జాలర్లలో 1975 తర్వాత వచ్చిన వియత్నాం కుటుంబాలు చాలా ఉన్నాయి, వాళ్ల కొట్లో లేత అల్లం, కొత్తిమీర, సన్న పచ్చిమిర్చి దొరికాయి. బయట బల్ల మీద ఇగురు నేనే చేశాను. ఉప్పు తగ్గిందని తీర్పు వచ్చింది.

సందేహాలరావు · ఫిబ్రవరి 5

ఖర్చు?

కాజా_గారి_ఇంటావిడ · ఫిబ్రవరి 5

రావు గారూ, మీరు చెప్పిన కాండో కన్నా ఎక్కువే అయింది. లెక్క నేనే రాస్తున్నాను. అన్నిటికన్నా ఎక్కువ పోయేది అద్దె, తర్వాత మైళ్ల చార్జీ. ఒక్కో చోట ఎక్కువ రోజులు ఉంటే అది తగ్గుతుంది. అందుకే గల్ఫ్ షోర్స్‌లో, ఫోర్ట్ పికెన్స్‌లో వారం చొప్పున తీసుకున్నాం. వచ్చే ఏడాది ఆర్‌వీ మూడు వారాలు, కాండో నెల. ఈయనకు ఇంకా చెప్పలేదు, ఇక్కడే చదువుకుంటారు.

నిశ్శబ్దం (ఆస్టిన్) · ఫిబ్రవరి 6

చాలా ఉపయోగపడే థ్రెడ్. మా అమ్మానాన్న విజిటర్ వీసా మీద వచ్చారు. వాళ్లను ఆర్‌వీలో సౌత్ పాడ్రే ఐలాండ్ తీసుకెళ్లాలని ఉంది. దారిలో ఇబ్బంది ఏమైనా ఉంటుందా?

ఎర్రబస్సు · ఫిబ్రవరి 6

వెళ్లేటప్పుడు ఏమీ ఉండదు. వచ్చేటప్పుడు యూఎస్-77 మీద సరీటా దగ్గర బోర్డర్ పెట్రోల్ చెక్‌పాయింట్ ఉంది, దేశం దాటకపోయినా ఆపి అడుగుతారు. అమ్మానాన్నల అసలు పాస్‌పోర్టులు, ఐ-94 (దేశంలోకి వచ్చిన రికార్డు) ప్రింటు ఉండాలి. ఫోన్‌లో ఫొటో ఉందిలే అనుకోవద్దు. మీది గ్రీన్ కార్డు అయితే అదీ జేబులో పెట్టుకోండి. బండిలో వెనక పడుకున్న పెద్దవాళ్లను ముందే లేపి కూర్చోబెట్టండి. ప్రయాణంలో సీటు బెల్టు పెట్టుకుని కూర్చోవడమే మంచిది, చెక్‌పాయింట్ ఉన్నా లేకపోయినా.